బేరింగ్ సీటుకు రీమరా, బోరింగ్ బారా?

ప్రశ్న: వరంగల్ ములుగు రోడ్డుల చిన్న లేత్ షాపు నాది. 6 అడుగుల లేత్, పిల్లర్ డ్రిల్ ఉన్నయి. ఈమధ్యనే బోరింగ్ హెడ్‌తోని ఒక సెకండ్ హ్యాండ్ మిల్లింగ్ మిషన్ కొన్న. జిన్నింగ్ మిల్లు వాళ్లు దసరా లోపల బేరింగులు కూసునే 24 బీడు హౌసింగులు చేసియ్యమన్నరు. 18 ఒక్క బేరింగువి, బేరింగు ఆనేటందుకు వాటి లోపల మెట్టు లెక్క భుజం ఉండాలె. మిగిలిన 6 డబ్బాల లెక్క ఉంటయి, రెండు పక్కల రెండు బేరింగులు, నడుమ దూరం 180 మి.మీ. అన్నిట్ల 6207 బేరింగే. పోతలనే 58 మి.మీ. రంధ్రం వస్తది. మొదటి పీసు 16 మి.మీ. బోరింగ్ బార్‌తో (కొసకు టూలు పెట్టి రంధ్రం పెద్దగ చేసే కడ్డీ) బోర్ చేస్తే టూలు అదిరి బాగా చాటరింగ్ వచ్చింది, లోపలికన్న మూతికాడ 0.04 మి.మీ. పెద్దగ వచ్చింది. మిల్లుల ఎక్కిచ్చినంక వారానికే బేరింగు బయటి రింగు హౌసింగుల తిరుగుతుందన్నరు. ఒకాయన 72 మి.మీ. రీమర్ కొనుమంటడు. ఇంకొకాయన హైదరాబాద్ బాలానగర్ పంపి పెద్ద బోరింగ్ మిషన్ మీద చేపియ్యమంటడు. ఏం చెయ్యాలె సార్?

సమాధానం: రీమర్ కొనకండి. బాలానగర్ పంపాల్సిన పని కూడా లేదు. ఈ 24 హౌసింగులూ మీ లేత్ మీదే అవుతాయి. కాకపోతే 18 ఒక్కవాటికి ఒక పద్ధతి, 6 డబ్బాలకు ఇంకో పద్ధతి పట్టాలి.

ముందు రీమర్ సంగతి. చుట్టూ పళ్లుండి, ఉన్న రంధ్రాన్ని సైజుకు తెచ్చే టూలు అది. రీమర్‌కు సొంత దారి ఉండదు. ముందున్న రంధ్రం ఎటు పోతే అటే పోతుంది. సైజు సరిచేస్తుంది, నునుపు తెస్తుంది, అంతే. రంధ్రం పక్కకు జరిగి ఉంటే జరిగిన చోటే, వంకరగా ఉంటే వంకరగానే సైజుకు తెస్తుంది. సానరాళ్లతో రుద్దే హోనింగ్‌ది కూడా ఇదే గుణం. పోతలో వచ్చిన 58 రంధ్రం, అచ్చులో దాని కోసం పెట్టిన ఇసుక దిమ్మ (కోర్) కదిలితే, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో పక్కకు ఉండటం మామూలే. మామూలు ట్విస్ట్ డ్రిల్లును అందులోకి పంపితే, ఒక పెదవికి ఎక్కువ లోహం, రెండోదానికి తక్కువ తగిలి, తక్కువ ఉన్న వైపుకు తోసుకుంటుంది. అక్షాన్ని కొత్తగా గీయగలిగేది ఒక్క మొనతో కోసే బోరింగ్ టూలే. పైగా మీ 18 హౌసింగులకు లోపల భుజం ఉంది కదా, రీమర్ ముందు భాగం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి భుజం మూల దాకా సైజు రాదు. 72 రీమర్‌ను తిప్పే బలం పిల్లర్ డ్రిల్లుకు ఉండదు. అది అరిగినా, రేపు కొంచెం టైటు ఫిట్ అడిగినా పక్కన పెట్టాల్సిందే.

సైజు ఎంత రావాలో ఖాయం చేసుకుందాం. 6207 అంటే లోపల 35, బయట 72, వెడల్పు 17. మామూలు తరగతి బేరింగు బయటి వ్యాసం 71.987 నుంచి 72.000 మధ్య ఉంటుంది. రంధ్రం కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే తరగతుల్లో హెచ్7 ఒకటి, ఈ సైజుకు అది 72.000 నుంచి 72.030. షాఫ్ట్ తిరుగుతూ, బెల్టు లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉండే చోట హెచ్7 సరిపోతుంది. జిన్నింగ్‌లో అదురు ఎక్కువ కాబట్టి జె7 వైపు మొగ్గడం మంచిది. జె7 అంటే 71.988 నుంచి 72.018. రెండింటికీ పొసిగేలా, ఒక్క బేరింగు హౌసింగుల్లో 72.000 నుంచి 72.015 మధ్య పట్టండి. డబ్బాల సంగతి కొంచెం వేరు, చివర్లో చెబుతాం. హౌసింగే తిరిగే ఐడ్లర్ పుల్లీల్లాంటి పని వస్తే ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఎన్7, అంటే 71.961 నుంచి 71.991, లేదా అంతకన్నా టైటు ఫిట్ కావాలి.

మీ మొదటి పీసులో సైజు దొరికినా మూతి దగ్గర 0.04 పెరిగిందంటే హెచ్7 మొత్తం 0.030ని మించిన తేడా అది. అందులో బేరింగు రింగు నిలవదు. ఆ పీసును వెనక్కి తెప్పించుకొని పక్కన పెట్టండి, 18 లెక్క కోసం ఇంకో కాస్టింగ్ అడగండి.

తప్పు 16 మి.మీ. బార్‌లో ఉంది. బార్ వంగుడు దాని పొడవు ఘనంతో పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. బార్‌ను 16 నుంచి 32కు పెంచితే 16 రెట్లు గట్టిపడుతుంది. టూల్ పోస్ట్ నుంచి 100 మి.మీ. బయటకు ఉన్నదాన్ని 60కి తగ్గిస్తే ఇంకో 4.6 రెట్లు. రెండూ కలిపితే 70 రెట్లకు పైనే. 58 రంధ్రంలో 32 బార్ పెట్టినా చుట్టూ 13 మి.మీ. సందు ఉంటుంది, రజను రాలడానికి చాలు. స్టీలు బార్ అయితే బయటకు ఉండే పొడవు వ్యాసానికి 4 రెట్లు దాటకూడదు. ఈ హౌసింగుకు 2 రెట్లు కూడా అక్కర్లేదు.

32 బార్ మామూలు టూల్ పోస్ట్‌లో కూర్చోదు కాబట్టి దానికి ఒక బ్లాకు చేసుకోండి. మంచి మందం ఉన్న మైల్డ్ స్టీల్ ముక్కను టూల్ పోస్ట్ తీసేసి, దాని కింద ఉండే చిన్న స్లైడ్ (కాంపౌండ్) మీద బిగించండి. డ్రిల్లును, తర్వాత బోరింగ్ టూలును చక్‌లో పట్టి, ఆ బ్లాకుకు అక్కడే 32 రంధ్రం వేయండి. రంధ్రం సరిగ్గా లేత్ సెంటర్ ఎత్తులోనే వస్తుంది. పక్కన రంపంతో ఒక చీలిక కోసి, రెండు మూడు ఎం10 బోల్టులతో బార్‌ను పిడికిలిలా పట్టించండి. మూడు స్క్రూల మొనలతో పట్టిన బార్ ఎంత లావైనా అదురుతుంది.

చాటరింగ్ వస్తే మొదట స్పీడు మీద, తర్వాత ఫీడ్ మీద చెయ్యి వేస్తారు చాలామంది. ముందు చూడాల్సినవి బార్ పొడవు, లావు. ఆ తర్వాత టూల్ మొన గుండ్రం. 0.8 మొన లోహాన్ని కోసే దానికన్నా బార్‌ను పక్కకు తోసేది ఎక్కువ. రఫ్‌కు 0.4, ఫినిష్‌కు 0.2 చాలు. మొన సెంటర్‌లో గానీ వెంట్రుక వాసి పైన గానీ ఉండాలి. సెంటర్ కన్నా కింద ఉంటే మొన కింద భాగం రంధ్రం గోడకు రాసుకుంటుంది. ఇవన్నీ సరిచేశాకే స్పీడు తగ్గించండి. ఫీడ్ మాత్రం తగ్గించడం కాదు, కొంచెం పెంచి చూడండి. మరీ తక్కువ ఫీడ్‌లో టూలు కోయకుండా రుద్దుతుంది, రుద్దితే పాట మొదలవుతుంది.

ఇక మూతి పెద్దగా రావడం. లేత్‌లో బార్ బయటకు ఉన్న పొడవు కోత మొత్తంలో మారదు కాబట్టి, బార్ వంగుడు ఒక్కటే ఈ టేపర్‌ను తేలేదు. మూడు చోట్ల వెతకండి. బీడు పైపొరలో ఇసుక, గట్టి పెంకు ఉంటాయి. పల్చగా కోత పెడితే మొన ఆ పెంకులోనే తిరిగి మధ్యలో అరిగిపోతుంది, లోపలికి వెళ్లేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. రెండోది, కాంపౌండ్ స్లైడ్‌తో ఫీడ్ ఇచ్చి ఉంటే అది బెడ్‌కు సమాంతరంగా లేకపోవచ్చు. ఫీడ్ ఎప్పుడూ క్యారేజ్‌తోనే ఇవ్వండి. మూడోది, స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ బెడ్‌కు వంకరగా ఉండటం. తేల్చడానికి సులువైన దారి ఉంది. కొత్త మొన పెట్టి ఒక ఫినిష్ కోత తీయండి. క్రాస్ స్లైడ్ డయల్ ముట్టుకోకుండా అదే కోతను మళ్లీ నడపండి. రెండోసారి లోపల మాత్రమే రజను రాలితే, ముందు కోతలో అక్కడ బార్‌కు ఎక్కువ లోహం తగిలి వంగిందన్నమాట. ఏమీ రాలకుండా టేపర్ అలాగే ఉంటే హెడ్‌స్టాక్‌ను డయల్ గేజ్‌తో చూసి సరిచేసుకోవాల్సిందే.

ఇప్పుడు 18 ఒక్క హౌసింగుల పని. ముందు పాదం అడుగు భాగాన్ని మిల్లింగ్ మీద చదును చేయండి. తర్వాతి కొలతలన్నీ దాని మీంచే. పాదంలో ఎదురెదురు మూలల్లో పిన్నులు దూరేలా రెండు చిన్న డోవెల్ రంధ్రాలు వేయండి, 7.8 డ్రిల్లు, తర్వాత 8 హెచ్7 రీమర్. రీమర్‌కు సరైన చోటు ఇది. డ్రిల్లుకు దారి చూపే జిగ్‌ను పెట్టేటప్పుడు కోర్ రంధ్రాన్ని చూసి, 72 గీత చుట్టూ అన్ని వైపులా కోత మిగిలేలా పెట్టండి. పాదం అంచును చూసి పెడితే కొన్ని పీసుల్లో ఒక పక్క నల్ల పెంకు అలాగే మిగిలిపోతుంది. ఆ తర్వాత లేత్ ఫేస్ ప్లేట్ మీద యాంగిల్ ప్లేట్ బిగించి, దాని మీద రెండు 8 మి.మీ. పిన్నులు కొట్టండి. ఒక్కసారి డయల్ గేజ్ పెట్టి సెంటర్ తెచ్చుకుంటే, మిగిలిన 17 పీసులు పిన్నుల మీద కూర్చుంటే చాలు.

ఫేస్ ప్లేట్‌కు రెండో పక్క బరువు కట్టడం మరిచిపోవద్దు. గేరును న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పండి. వదిలిన చోటల్లా ఆగితే బరువు సరిపోయింది. ఎప్పుడూ ఒకే పక్క కిందికి వస్తుంటే రంధ్రం గుండ్రంగా రాదు, బేరింగులూ చెడతాయి. పవర్ వేసే ముందు ఒక పూర్తి చుట్టు చేత్తో తిప్పి యాంగిల్ ప్లేట్ బెడ్‌కు గానీ క్యారేజ్‌కు గానీ తగలడం లేదని చూడండి. చేతికి గ్లౌజులు, మెడకు కండువా ఈ పని దగ్గర ఉండకూడదు.

భుజం ఉన్న సీటును మిల్లింగ్ మీద బోరింగ్ హెడ్‌తో కాకుండా లేత్ మీద చేయమనడానికి కారణం ఉంది. మామూలు బోరింగ్ హెడ్ తిరుగుతూ అడ్డంగా జరగలేదు. అందువల్ల భుజం ముఖాన్ని ఒక్కో కోతకు ఒక్కో మెట్టుగా తేవాల్సి వస్తుంది, డెప్త్ స్టాప్ ఎంత బాగా ఆగితే అంత చదును. లేత్‌లో క్రాస్ స్లైడ్‌తో ఒక్క ఊపులో ముఖం కోయవచ్చు, అదీ సీటు కోసిన పట్టులోనే. అలాంటి భుజం రంధ్రానికి సరిగ్గా లంబంగా ఉంటుంది. భుజం లోపలి రంధ్రం 62 ఉంచండి. 6207కు భుజం 65 కన్నా లోపలికి ఉండాలి, లేకుంటే రింగుకు ఆనుకోవడానికి చోటు చాలదు. బేరింగు మూల గుండ్రం కనీసం 1.1 మి.మీ. ఉంటుంది. మీ మూలలో గుండ్రం 1 మి.మీ. దాటితే రింగు భుజానికి ఆనకుండా ఆ వంపు మీద ఎక్కి కూర్చుంటుంది. మూతికి 1 మి.మీ. ఏటవాలు కొట్టండి, బేరింగు దిగేటప్పుడు వంకరపోదు.

కోతలు ఇలా సాగాలి. మొదటి కోత ఒక వైపుకు 2 మి.మీ., అంటే 58 నుంచి 62కు, పెంకు కింద దాకా ఒకేసారి. అది లోపలి దాకా. ఆ తర్వాత సీటు లోతు వరకే 66, 70. బీడుకు కె రకం కార్బైడ్ టిప్పు వాడండి. నిమిషానికి 70 మీటర్ల వేగానికి 72 వ్యాసంలో 310 చుట్లు వస్తాయి. కానీ ఫేస్ ప్లేట్ బరువు ఉంది కనుక 200 దగ్గర ఆగండి. హై స్పీడ్ స్టీల్ (హెచ్ఎస్ఎస్) టూలు అయితే 20 మీటర్లకు 90 చుట్లకు లోపే. రఫ్ ఫీడ్ చుట్టుకు 0.15 నుంచి 0.2, ఫినిష్‌కు 0.08. బీడుకు కూలెంట్ వద్దు, ఆ రజను నూనెతో కలిస్తే బెడ్‌ను సాన పట్టినట్టు అరగదీస్తుంది. స్లైడ్ల మీద గుడ్డ కప్పి పని అయ్యాక ఊడ్చేయండి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి.

70 అయ్యాక క్లాంపులు వదులు చేసి మళ్లీ తేలిగ్గా బిగించండి. గట్టిగా పట్టిన హౌసింగులో గుండ్రంగా కోసినా, వదిలాక అది తన ఆకారానికి పోతుంది. ముఖ్యంగా పల్చటి గోడ ఉన్నదాన్ని త్రీ జా చక్‌లో పట్టి బోర్ చేస్తే మూడు మూలల రంధ్రం వస్తుంది. రెండు కొనల బోర్ గేజ్ దాన్ని పట్టుకోలేదు, ఎటు తిప్పి చూసినా ఒకే కొలత చూపిస్తుంది. అది బేరింగు ఎక్కాక గానీ బయటపడదు. ఆ అనుమానం ఉంటే మూడు కొనల ఇంటర్నల్ మైక్రోమీటర్‌తో చూడాలి.

జాబ్ చల్లారనివ్వడం కూడా ఇక్కడే. రఫ్ కోతల తర్వాత హౌసింగు షాపు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ ఉంటే, 72 మి.మీ. మీద 0.016 మి.మీ. పెరిగి ఉంటుంది. హెచ్7 ఇచ్చే 0.030లో సగం అక్కడే పోయింది. వేడిమీద 72.010 చూపించింది, చల్లారాక 71.994 అవుతుంది. మన ఎండాకాలంలో షాపు 42, 43 డిగ్రీలు ఉన్నా ఇబ్బంది లేదు, గేజూ జాబూ రెండూ అదే వేడిలో ఉంటే చాలు. తేడా ఉండకూడదు, అంతే.

చివరి రెండు కోతలూ ఒకే లోతు, ఒకే ఫీడ్, ఒకే స్పీడు ఉండాలి. సైజు దొరికేది ఇక్కడే. ముందు 71.40కి తేండి. తర్వాత వ్యాసం మీద 0.30 ఇచ్చి 71.70 కోసం కోయండి. కొలిస్తే 71.68 వచ్చిందనుకోండి. బార్ కొంచెం వంగింది, మొన కొంచెం వెనక్కి తగ్గింది. దాన్ని సరిచేసే లెక్కలేమీ వేయకండి. 72.005కు మిగిలింది 0.325, అంతే ఇవ్వండి. లోతు దాదాపు అంతే కాబట్టి బార్ కూడా అంతే వంగుతుంది, అడిగిన కొలతే వస్తుంది. అలా కాకుండా చివరికి 0.02 మిగిల్చి, పల్చటి కోతతో గీకుదామని చూస్తే ఒకసారి కోస్తుంది, ఒకసారి రుద్దుతుంది. సైజు మీ చేతిలో ఉండదు. క్రాస్ స్లైడ్ డయల్‌లో గీత వ్యాసం మీదా, వ్యాసార్ధం మీదా అన్నది పని మొదలుపెట్టే ముందే చూసుకోండి.

ఈ కొలతలకు వెర్నియర్ పనికిరాదు. దాని లోపలి దవడల అంచు చదునుగా ఉంటుంది కాబట్టి రంధ్రాన్ని చిన్నగా చూపిస్తుంది. డయల్ బోర్ గేజ్ తీసుకోండి. 50 నుంచి 75 మైక్రోమీటర్‌ను 72.000కు పెట్టి లాక్ చేసి, దాని మధ్యన బోర్ గేజ్ జీరో పెట్టుకొని, రంధ్రంలో ముందుకూ వెనక్కూ ఊపి అతి చిన్న కొలత చదవండి. రీమర్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

ఇక 6 డబ్బాలు. వీటిలో అసలు కష్టం 72 కాదు, రెండు సీట్లూ ఒకే గీత మీద ఉండటం. ఒక పక్క కోసి, తిప్పి పట్టి రెండో పక్క కోస్తే ఎంత డయల్ పెట్టినా కొంత తేడా మిగులుతుంది. ఒకే పక్కనుంచి పోదామంటే బార్ 200 మి.మీ. పైనే బయటకు ఉండాలి. అందుకే బార్‌ను లేత్ రెండు సెంటర్ల మధ్య తిప్పి, డబ్బాను క్రాస్ స్లైడ్ మీద కూర్చోబెట్టి, క్యారేజ్‌తో నడపండి. 1775 ప్రాంతంలో జాన్ విల్కిన్సన్ జేమ్స్ వాట్ ఆవిరి ఇంజను సిలిండర్ల కోసం కట్టిన మిషన్‌లో ఉన్న కిటుకు ఇదే, బార్‌ను రెండు కొనల్లోనూ పట్టుకోవడం. అంతే పొడవున్న బార్ ఒక కొనలో పట్టినదానికన్నా రెండు కొనల మీద ఆనినప్పుడు, నడిమి బరువుకు 16 రెట్లు తక్కువ వంగుతుంది.

డబ్బా పొడవు దాదాపు 230 అనుకుంటే, కట్టర్‌కు రెండు పక్కలా అంత ఖాళీ కావాలి కాబట్టి బార్ 600 మి.మీ. ఉండాలి. లావు 50. ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) రాడ్ తీసుకొని రెండు చివర్లా శుభ్రమైన సెంటర్లు కొట్టి, వాటి మీదే పైభాగం తిప్పి కోయండి. మధ్యలో అడ్డంగా ఒక రంధ్రం వేసి 10 మి.మీ. హెచ్ఎస్ఎస్ బిట్ పెట్టండి, వెనక నుంచి తోయడానికి ఒక గ్రబ్ స్క్రూ, పక్క నుంచి బిగించడానికి ఒకటి. బార్ వెనక నుంచి కట్టర్ మొన దాకా మైక్రోమీటర్‌తో కొలవండి. 72 రంధ్రానికి బార్ సగం 25, రంధ్రం సగం 36, మొత్తం 61.000 రావాలి. అక్కడ 0.005 తప్పితే వ్యాసంలో 0.010 తప్పుతుంది.

కాంపౌండ్ తీసేసి, డబ్బా కింద ప్యాకింగ్ పెట్టి, రంధ్రం మధ్యను సెంటర్ ఎత్తుకు తేండి. డబ్బా పక్క ముఖానికి డయల్ పెట్టి క్యారేజ్ నడిపి సరిచూసుకోండి. క్రాస్ స్లైడ్‌ను లాక్ చేయండి. బార్‌ను డాగ్‌తో (బార్‌కు బిగించి స్పిండిల్‌తో పాటు తిప్పే పట్టు) తిప్పండి, 80 నుంచి 90 చుట్లు. ఒకే కట్టర్, ఒకే సెట్టింగ్‌తో ఈ సీటు నుంచి ఆ సీటు దాకా నడిపితే రెండూ ఒకే సైజు వస్తాయి. ఈ పద్ధతిలో ఇంకో గొప్ప మేలు ఉంది. టెయిల్‌స్టాక్ కొంచెం పక్కకు ఉన్నా రంధ్రానికి టేపర్ రాదు. కట్టర్ బార్ మీద ఒకే చోట, ఒకే వ్యాసార్ధంలో తిరుగుతుంది కాబట్టి. గుండ్రంలో వచ్చే తేడా కొలతకు అందనంత తక్కువ. కొలవాలంటే డబ్బాను కదపకుండా బార్‌ను సెంటర్ల నుంచి తీసి, గేజ్ పెట్టి, మళ్లీ పెట్టండి. సెంటర్లు తుడిచి పెడితే బార్ తన చోటికే వస్తుంది.

మీ మిల్లింగ్ మిషన్ వృథా అని కాదు. ఒకే ప్లేట్‌లో రెండు మూడు రంధ్రాల మధ్య దూరం కచ్చితంగా కావాల్సిన గేర్ బాక్స్ పని వస్తే బోరింగ్ హెడ్‌ను మించింది లేదు. అప్పుడు హెడ్ టేబుల్‌కు లంబంగా ఉందో లేదో ముందు చూడండి. హెడ్ వంగి ఉండి క్విల్‌తో (స్పిండిల్‌ను పట్టుకొని కిందికి దిగే గొట్టం) ఫీడ్ ఇస్తే రంధ్రం గుండ్రంగా, కానీ ఏటవాలుగా వస్తుంది. టేబుల్‌ను పైకెత్తి ఫీడ్ ఇస్తే నిటారుగా, కానీ కోడిగుడ్డులా వస్తుంది. క్విల్ బయటకు వచ్చేకొద్దీ అదురు పెరుగుతుంది, దాన్ని వీలైనంత లోపలే ఉంచండి. బాలానగర్ పంపాల్సింది మీ లేత్ స్లైడ్ మీద పట్టనంత పెద్ద బాడీలు వచ్చినప్పుడే.

డబ్బాల ఫిట్ సంగతి. వీటికి లోపల భుజం పెట్టవద్దు, రంధ్రం అటూ ఇటూ సూటిగా ఉండనివ్వండి. షాఫ్ట్ మీది మెట్లు లోపలి రింగులను బయటికి తోస్తాయి, రెండు పక్కల కవర్లు బయటి రింగులను ఆపుతాయి. షాఫ్ట్ వేడెక్కితే పొడవు పెరుగుతుంది. హౌసింగు కన్నా 30 డిగ్రీలు ఎక్కువైతే 180 మి.మీ. మీద 0.065. ఆ పెరుగుదలకు బయటి రింగు జరగగలగాలి, అందుకే ఈ ఆరింటిలో 72.010 నుంచి 72.020 మధ్య పట్టండి. కవర్లు బిగించేటప్పుడు ప్యాకింగ్ కాగితాలతో సర్ది, షాఫ్ట్ చేత్తో అటూ ఇటూ లాగితే డయల్ మీద 0.2 నుంచి 0.3 మి.మీ. ఆట కనిపించేలా వదలండి.